వారానికి పది పాటలు: ఇండీ ప్లేలిస్టు కట్టి పంచుకోవడం ఎలా

పెద్ద కంపెనీల చేతిలో లేకుండా కళాకారులో, చిన్న కంపెనీలో సొంతంగా తెచ్చే పాటలే ఇండీ పాటలు. అవి పది పెట్టండి, పన్నెండు దాటనివ్వకండి. ఒక్కో పాట నాలుగు నిమిషాలనుకుంటే పది పాటలకు నలభై నిమిషాలు. ఒంగోలులో పినాకిని రైలెక్కినవాళ్లు కావలి చేరేసరికి ఇంచుమించు అయిపోతాయి. నలభై పాటలు పంపితే మొదటి మూడు విని మూసేస్తారు. వెతికేటప్పుడు ఎంత విచ్చలవిడిగా వెతికినా ఫరవాలేదు, పంపేటప్పుడు మాత్రం పిసినారితనం కావాలి.

మొదలుపెట్టే ముందు రెండు నియమాలు తేల్చుకోండి. ఒకటి, ‘కొత్తది’ అంటే ఏది? నిన్న విడుదలైందా, లేక మూడేళ్ల కిందటిదైనా మీకు ఇప్పుడు దొరికిందా? రెండూ కలపొచ్చు. ఆరేడు పాటలు గత మూడు నెలల్లోవి, మిగతావి పాతవే అయినా ఎవరికీ అందనివి అని పెట్టుకుంటే జాబితా బాగుంటుంది. ఏ లెక్కన కట్టారో ప్లేలిస్టు వివరణలో ఒక వాక్యం రాయండి. స్పాటిఫైలో ఆ వివరణకు 300 అక్షరాలకు మించి చోటు లేదు, కాబట్టి ఉపన్యాసాలు కుదరవు.

రెండోది ముఖ్యం: ఏది ఇండీ? సినిమా పాట కాని ప్రతిదాన్నీ మనవాళ్లు ‘ప్రైవేట్ సాంగ్’ అనేస్తారు. ప్రైవేట్ సాంగ్స్ అన్నీ ఇండీ కావు. హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలి. స్పాటిఫైలో ఆల్బమ్ పేజీ అడుగుదాకా జరిపితే, సున్నాలో ‘పీ’ అక్షరం ఉన్న గుర్తు, దాని పక్కన ఏడాది, ఒక పేరు కనిపిస్తాయి. ఆ రికార్డింగు హక్కు ఆ పేరుదే. అక్కడ ఆదిత్య మ్యూజిక్, సరిగమ, సోనీ లాంటి పేరుంటే పక్కన పెట్టండి. పాడినవాళ్ల పేరో, వాళ్ల బ్యాండు పేరో, చిన్న లేబులో (పాటలు విడుదల చేసే కంపెనీ) ఉంటే తీసుకోండి. యూట్యూబ్‌లో ‘టాపిక్’ అని చివర ఉండే ఛానెళ్లలో పాట వివరణ తెరిస్తే ‘ప్రొవైడెడ్ టు యూట్యూబ్ బై’ అని మొదటి లైను ఉంటుంది. దాని తర్వాత డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటి డిస్ట్రిబ్యూటర్ (పాటలను యాపుల్లోకి చేర్చే కంపెనీ) పేరుంటే, కళాకారులు సొంతంగా డబ్బు కట్టి పాటను ఎక్కించి ఉండే అవకాశం ఎక్కువ. అదొక్కటే రుజువు కాదు, కింద సున్నాలో పీ లైను కూడా చూడాలి. పేరులో ‘ఇండీ’ ఉందని మోసపోవద్దు. చెన్నైలో థింక్ ఇండీ అనే లేబులుంది, దాన్ని నడిపేది సినిమా ఆడియో కంపెనీ థింక్ మ్యూజిక్. పాట బాగుంటే పెట్టుకోవచ్చు, అది ఎవరి సొత్తో తెలిసి పెట్టుకోవాలి, అంతే.

సినిమా పాటల కవర్లు వద్దు. పాడినవాళ్లది గొంతు మాత్రమే, పాట వేరేవాళ్లది. పైగా హక్కుల గొడవలో ఏ రోజు మాయమవుతుందో చెప్పలేం.

ఇక వెతుకులాట. 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారం విడుదల చేయడం అలవాటైంది. చాలావరకు ఏ దేశంలో అర్ధరాత్రి అయితే ఆ దేశంలో పాట తెరుచుకుంటుంది. న్యూయార్క్ అర్ధరాత్రి లెక్కన పెట్టినవి మాత్రం మనకు వేసవిలో ఉదయం తొమ్మిదిన్నరకు, చలికాలంలో పదిన్నరకు వస్తాయి. అందుకే శుక్రవారం పొద్దున్నే కూర్చుంటే కొన్ని దొరకవు, మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చోండి. స్పాటిఫై తనంతట తాను కట్టిచ్చే జాబితాల్లో రిలీజ్ రాడార్ శుక్రవారం, డిస్కవర్ వీక్లీ సోమవారం మారతాయి. వాటిని చూడండి, వాటి మీదే ఆధారపడకండి. మీరు విన్నదానికి దగ్గరగా ఉన్నదే అవి తెచ్చిపెడతాయి. మీ స్నేహితుడికీ అదే వస్తుంటే ఇక మీ జాబితాతో పనేముంది?

అసలు వేట బ్యాండ్‌క్యాంప్‌లో, అది కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే సైటు. నచ్చిన ఆల్బమ్ పేజీలో, దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. ఒక బొమ్మ నొక్కితే ఆ మనిషి కొన్నవన్నీ తెరుచుకుంటాయి. డబ్బు పెట్టి కొన్న మనిషి రుచి, ఊరికే లైకు కొట్టినవాళ్ల రుచికన్నా నమ్మదగింది. బాగా పేరున్న ఆల్బమ్‌తో మొదలుపెడితే వేలమంది కొన్నవాళ్లుంటారు, దారి దొరకదు. ఇరవై ముప్ఫై మంది మాత్రమే కొన్న ఆల్బమ్ పట్టుకోండి. వాళ్లలో ఇద్దరి దగ్గర ఒకే తెలియని పేరు కనిపిస్తే దాన్ని వెంటనే వినాలి. ట్యాగుల్లో ప్రక్రియ పేరుకన్నా ఊరి పేరుతో వెతకడం లాభం: హైదరాబాద్, చెన్నై, కొచ్చి, షిల్లాంగ్.

నెల్లూరువాళ్లకు చెన్నై దాదాపు 175 కిలోమీటర్లే, హైదరాబాదు అంతకు రెండింతలు దాటి ఉంటుంది. పొద్దున రైలెక్కి సాయంత్రం కచేరీ చూసి రాగలిగే దూరంలో ఉన్న ఊరి సంగీతాన్ని భాష వేరని వదిలేయడం తెలివితక్కువ పని. అక్కడ ఒక పేరు పట్టుకుంటే తీగ లాగినట్టే. 2017లో దర్శకుడు పా. రంజిత్ చొరవతో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదలైంది, గానా (చెన్నై పేటల్లో పుట్టిన పాట), ర్యాపూ, రాకూ కలిసిన బ్యాండది. దానికి సంగీత సారథి టెన్మా. ఆయన పేరు వెంట వెళితే కురంగన్ అనే బ్యాండు తగులుతుంది. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లోనే పాడిన అరివు వెంట వెళితే తమిళ ర్యాపు వైపు ఇంకో దారి తెరుచుకుంటుంది. పాడినవాళ్ల పేరు దగ్గరే ఆగకండి. పాట వివరాల్లో మిక్సింగ్, ప్రొడక్షన్ ఎవరు చేశారో చూసి ఆ పేరుతో వెతకండి. చిన్న స్టూడియోల్లో పనిచేసేవాళ్లు ఇంకా నలుగురైదుగురు కొత్తవాళ్లకు చేసే ఉంటారు.

తెలుగు పాటల కోసం యూట్యూబ్‌లో ‘తెలుగు సాంగ్’ అని కొడితే సినిమా పాటలు వరదలా వచ్చిపడతాయి. ‘ఇండీ’, ‘ఒరిజినల్’, ‘ఈపీ’ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) లాంటి మాట కలిపి, అప్‌లోడ్ తేదీ ఫిల్టర్‌లో ‘ఈ వారం’ పెట్టండి. ఒకసారి తెలుగు లిపిలో, ఇంకోసారి ఇంగ్లిషు అక్షరాల్లో వెతకాలి. దీర్ఘాలకు ఒకరు ఒక ‘ఏ’ రాస్తే ఇంకొకరు రెండు రాస్తారు, రెండు రకాలూ ప్రయత్నించండి. ఫోక్ సాంగ్స్ ఛానెళ్లలో మంచి గొంతులు దొరుకుతాయి. కాకపోతే హక్కులు ఛానెల్‌వా, పాడినవాళ్లవా అన్నది ముందు చెప్పిన పద్ధతిలోనే చూసుకోవాలి.

దొరికినవన్నీ ‘వడపోత’ అని ఒక ప్రైవేటు ప్లేలిస్టులో పడేయండి. వారానికి యాభై అరవై చేరినా కంగారు లేదు. మొదటి వడపోతలో ఒక్కో పాటా మొదటి నిమిషం, ఆ తర్వాత రెండో నిమిషం దాటాక ఒక ముక్క వినండి. ఇండీ పాటల్లో అసలు సరుకు చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది, ఇరవై సెకన్లు విని తోసేస్తే మంచివే పోతాయి. పైగా స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక వినికిడి కింద లెక్క. మిగిలిన ఇరవై పాటలను మూడు నాలుగు రోజులు ఆగి పూర్తిగా వినండి, ఒకసారి ఇయర్‌ఫోన్స్‌లో, ఒకసారి ఫోను స్పీకర్లో. రాత్రిపూట రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషి వినేది ఫోను స్పీకర్లోనే. అక్కడ గొంతు వినపడకుండా పోతే ఆ పాట గురించి రాసే మాటలో ‘ఇయర్‌ఫోన్స్‌తో వినండి’ అని చేర్చాలి. ఈ శుక్రవారం దొరికిన పాటను రేపే పంపాలన్న తొందర వద్దు, వచ్చే శనివారానికి ఉంచండి. మొదటిసారి ఊపేసినవాటిలో చాలా పాటలు నాలుగు రోజుల తర్వాత చప్పబడతాయి. ఈలోపు పాట మిగతా యాపుల్లోకి కూడా చేరుతుంది.

ఒక గూగుల్ షీట్ తప్పనిసరి. తేదీ, కళాకారుల పేరు, పాట పేరు, భాష, ఊరు, హక్కుల లైను, లింకు, ఒక్క వాక్యం, ఇన్ని గడులు చాలు. పేర్లను కళాకారులు రాసుకున్న స్పెల్లింగ్‌లోనే ఎక్కించండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒకరి పాట ఇంకొకరి పేజీలో పడటం మామూలే. ఆ మనిషి ఇన్‌స్టాగ్రామ్‌లో ఇచ్చిన లింకు నుంచి వెళితే సరైన పేజీ దొరుకుతుంది. కౌంట్‌ఇఫ్ ఫార్ములా పెట్టుకుంటే మళ్లీ మళ్లీ వచ్చే పేర్లు బయటపడతాయి. ఒక కళాకారుడు మూడు నెలల్లోపు రెండోసారి రాకూడదనే నియమం పెట్టుకోవడం మంచిది, లేకపోతే జాబితా నలుగురి చుట్టూనే తిరుగుతుంది.

ప్లేలిస్టు ఎక్కడ కట్టాలి? మన జిల్లాల్లో అందరి ఫోన్లోనూ ఉండేది యూట్యూబ్. అసలు జాబితా అక్కడ, దానికి నకలు స్పాటిఫైలో. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి ట్యూన్ మై మ్యూజిక్, సౌండిజ్ లాంటివి ఉన్నాయి. మార్చాక పదీ ఒక్కొక్కటిగా సరిచూడండి, అసలు పాటకు బదులు లైవ్ రికార్డింగో రీమిక్సో వచ్చి కూర్చుంటుంది. వారం వారం కొత్త లింకు ఇవ్వకండి. లింకు ఎప్పుడూ ఒకటే, లోపలి పాటలు మారతాయి. శనివారం ముందు పాత పదింటిని ‘పాతవి’ అనే రెండో ప్లేలిస్టులోకి ఎక్కించి, ఎక్కాయని చూసుకుని, ఆ తర్వాతే తీసేయాలి. ఈ వరస తప్పితే ఆ వారం జాబితా గల్లంతే.

పాటల వరసలో ఒక చిక్కుంది. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల శబ్దాన్నీ మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) దగ్గరికి సర్దుతుంది. యూట్యూబ్ మాత్రం గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుందే గానీ మెల్లగా ఉన్నదాన్ని పెంచదు. హోరెత్తే ర్యాపు తర్వాత గదిలో గిటారుతో రికార్డు చేసిన పాట పెడితే అది వినపడకుండా పోతుంది. మెత్తటి పాటలను పక్కపక్కన ఉంచి, వాటికి ముందు మధ్యస్థంగా ఉన్నదాన్ని పెట్టండి. మొదటి పాట, కొత్తవాళ్లు కూడా ఇట్టే అందుకోగలది కావాలి. బాగా వింతగా ఉన్నదాన్ని ఐదో ఆరో చోట ఉంచండి, అప్పటికి చెవి అలవాటు పడి ఉంటుంది.

యూట్యూబ్ ప్లేలిస్టు ‘ప్రైవేట్’లో ఉండిపోతే మీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు, ‘అన్‌లిస్టెడ్’ లేదా ‘పబ్లిక్’ చేయాలి. పంపే ముందు ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడండి. లింకుల వెనక ‘ఎస్ఐ’ అని మొదలయ్యే తోక ఒకటి వస్తుంది, అది ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చూసుకోవడానికి ఆ కంపెనీలు పెట్టుకున్నది. స్పాటిఫై లింకులో ప్రశ్న గుర్తు నుంచి చివరిదాకా కత్తిరించినా పనిచేస్తుంది. యూట్యూబ్ ప్లేలిస్టు లింకులో అలా చేస్తే చచ్చిపోతుంది, ఎందుకంటే జాబితా నంబరు ఆ ప్రశ్న గుర్తు తర్వాతే ఉంటుంది. అక్కడ ‘అండ్’ గుర్తు నుంచి మాత్రమే కత్తిరించాలి.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ‘నాకు రాలేదన్నా’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ఛానెల్ పెడితే ఎంతమందైనా చేరొచ్చు గానీ తిరిగి మాట్లాడలేరు. పాతికమంది గ్రూపే నయం, శనివారం ఒక్కరోజు అందరూ రాయొచ్చు, మిగతా రోజులు అడ్మిన్లకే అని సెట్టింగు మార్చండి. లేకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పాటలు పూడిపోతాయి. శనివారం సాయంత్రం ఏడింటికి పంపితే ఆదివారం తీరిగ్గా వింటారు. ఒక సందేశంలో రెండు లింకులుంటే మొదటిదానికే బొమ్మ వస్తుంది, కాబట్టి యూట్యూబ్ లింకు ముందుండాలి, బొమ్మ కనిపించేదాకా ఆగి పంపాలి.

లింకుల కింద పది పేర్లూ అక్షరాల్లో రాయండి. 2024లో రెస్సో, వింక్ అనే పాటల యాపులు రెండూ మన దేశంలో మూతపడ్డాయి, వాటి లింకులతో పంచుకున్నవాళ్ల జాబితాలు అడ్రసు లేకుండా పోయాయి. పేరుంటే ఇంకోచోట వెతుక్కోవచ్చు. ప్రతి పేరు పక్కన ఒకే వాక్యం. ‘సూపర్ సాంగ్, తప్పక వినండి’ అంటే ఎవరూ నొక్కరు. ‘ఒకటిన్నర నిమిషం దాకా గొంతొక్కటే, ఆ తర్వాత డప్పు వస్తుంది, అప్పుడు సౌండు పెంచండి’ అనండి, పాట అక్కడిదాకా వింటారు. ‘ఈ గొంతు యాడ దొరికిందన్నా?’ అని ఎవరైనా అడిగితే వెతికిన దారి కూడా చెప్పండి, వచ్చే నెలకు మీకు ఇంకో మనిషి తోడవుతాడు.

డేటా సంగతి కూడా రాయండి. స్పాటిఫైలో 160 కేబీపీఎస్ నాణ్యతకు నిమిషానికి 1.2 ఎంబీ, పది పాటలకు 48 ఎంబీ. 96 పెట్టుకుంటే 29 ఎంబీలో అయిపోతుంది. యూట్యూబ్‌లో వీడియో 144పీకి తగ్గించమనండి, పాటల కోసం అంతకన్నా అక్కర్లేదు. గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ ఎక్కేవాళ్లు సిగ్నల్ ఉండగానే దించుకోవాలి.

ఎంపీ3 ఫైళ్లు గ్రూపులో పంచవద్దు, ఒక్క వినికిడి కూడా కళాకారుల లెక్కలోకి రాదు. స్పాటిఫైలో 2024 నుంచి, గత 12 నెలల్లో 1000 సార్లయినా వినని పాటకు పైసా రాదు. చిన్నవాళ్లకు ఆ వెయ్యి పెద్ద గడపే. అలాగని శబ్దం ఆపి రాత్రంతా పాటను తిప్పమని ఎవరికీ చెప్పకండి. దొంగ వినికిడి అని తేలితే డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా పడుతుంది, పాటనే తీసేసే ప్రమాదం కూడా ఉంది. నచ్చితే బ్యాండ్‌క్యాంప్‌లో కొనడం మేలు, డిజిటల్ అమ్మకాల మీద వాళ్లు మామూలుగా తీసుకునేది 15 శాతం. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదులుకుంటారు. కార్డు పనిచేయకపోతే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, కొన్నాక ఆపేయండి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి వస్తాయి.

జాబితాలో పెట్టినట్టు కళాకారులకు ఒక చిన్న మెసేజి పెట్టండి. బదులుగా ఏమీ అడగొద్దు. డబ్బిస్తాం పెట్టండి అని ఎవరైనా వస్తే వద్దనేయండి, ఒక్కసారి తీసుకున్నారని తెలిస్తే మిగతా తొమ్మిది పాటలనూ అనుమానిస్తారు.

నెలకోసారి ‘పాతవి’ తెరిచి, బూడిద రంగులోకి మారినవి, ‘అందుబాటులో లేదు’ అని చూపించేవి వెతికి షీటులో గుర్తుపెట్టండి, కొత్త లింకు ఉంటే మార్చండి. ఏ వారమైనా మంచివి ఆరే దొరికితే ఆరే పంపండి.