పాత కంప్యూటర్‌లో ఆటల వేగం – 3వ పాఠం: అడ్డుపడుతున్నది ఏ భాగం?

గత పాఠంలో ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామును, దానితో పాటు వచ్చే రివాట్యూనర్‌ను పెట్టుకొని, ఆట నడుస్తుండగానే తెర మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే ఫ్రేముల, అంటే చిత్రాల సంఖ్య), గ్రాఫిక్స్ కార్డు వాడకం, ప్రాసెసర్ వాడకం, ఉష్ణోగ్రతలు కనిపించేలా అమర్చుకున్నాం. ఆ అంకెలను చదివి, లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఈ వారం పని. ఉదాహరణకు మా ఇంటి కంప్యూటర్‌నే తీసుకుంటున్నాను: ఇంటెల్ కోర్ ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, పాత హార్డ్ డిస్క్. పరీక్షకు జీటీఏ 5 ఆటను ఎంచుకున్నాను. వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ అందులోనే ఉంది కనుక ప్రతిసారీ అవే దృశ్యాలను నడిపించి ఫలితాలను పోల్చవచ్చు.

ముందుగా రెండు చిన్న విషయాలు చూసుకోవాలి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించి ఉంటే, ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే ఆట నడుస్తూ ఉండవచ్చు. నవ్వకండి, ఇది చాలా ఇళ్లలో జరిగేదే. రెండవది, ఆన్‌లైన్ ఆటలో మీ దృశ్యం సాఫీగా తిరుగుతూ ఎదుటి ఆటగాళ్లు మాత్రం గెంతుతున్నట్టు కనిపిస్తే అది ఇంటర్నెట్ సంగతి. పిల్లలు రెండింటినీ ‘ల్యాగ్’ అనే అంటారు గానీ, ఈ పాఠానికి ఆ రెండవదానితో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆట సెట్టింగులలో వీసింక్‌ను (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఎఫ్‌పీఎస్‌కు పరిమితి ఏదైనా ఉంటే దానిని తీసివేసి, 1920×1080 రిజల్యూషన్‌లో బెంచ్‌మార్క్ నడిపి సగటు రాసుకోండి. తరువాత మరేమీ మార్చకుండా రిజల్యూషన్‌ను 1280×720కు తగ్గించి మళ్లీ నడపండి. మొదటి దానిలో ఒక్కో ఫ్రేముకు 20,73,600 చుక్కలు, రెండవ దానిలో 9,21,600 మాత్రమే. చుక్కలకు రంగులద్దడం గ్రాఫిక్స్ కార్డు పని. దారిన పోయే మనుషులు ఎటు నడవాలో, ఏ కారు ఎక్కడ మలుపు తిరగాలో, ఏ వస్తువులను గీయమని కార్డుకు చెప్పాలో లెక్కించడం ప్రాసెసర్ పని. చుక్కలు సగానికి పైగా తగ్గినా ఈ రెండవ పని దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి ఎఫ్‌పీఎస్ 45 నుంచి 75కు పెరిగిందనుకుంటే, అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఉంది; నీడలు, గడ్డి వంటి సెట్టింగులు తగ్గిస్తే ఫలితం కనిపిస్తుంది. 45 నుంచి 47కు మాత్రమే పెరిగితే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. అటువంటి కంప్యూటర్‌కు కొత్త కార్డు కొనడం డబ్బు దండగ.

ఇక్కడ చాలామంది పొరపడతారు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 60 శాతమే ఉంది కదా, దానికి ఇంకా తీరిక ఉన్నట్టే కదా అనుకుంటారు. ఐ5-4590లో కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, నాలుగు. ఒక కోరు పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 25 శాతమే. పైగా విండోస్ ఆ పనిని ఒక కోరు నుంచి మరొక కోరుకు మారుస్తూ ఉంటుంది కనుక విడివిడి గ్రాఫులలో కూడా 100 కనిపించకపోవచ్చు. అందుకే నేను ప్రాసెసర్ అంకె కంటే కార్డు అంకెనే నమ్ముతాను: పరిమితులేవీ లేనప్పుడు కార్డు వాడకం 95 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉంటే అడ్డు కార్డే, 60, 70 దగ్గర ఊగుతూ ఉంటే అడ్డు మరెక్కడో ఉంది.

ఆ ‘మరెక్కడో’ మన ఎండల్లో తరచుగా వేడే అవుతుంది. ఆట మొదట్లో బాగా నడిచి, పది పదిహేను నిమిషాల తరువాత నెమ్మదిస్తే ముందుగా దీనినే అనుమానించాలి. ఈ ప్రాసెసర్ మూల వేగం 3.3 గిగాహెర్ట్జ్, గరిష్ఠం 3.7. ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును తెరిచి ఉంచి ఆడితే, ‘థర్మల్ థ్రాట్లింగ్’ వరుసలో ‘యెస్’ (అవును) అని పడిందో లేదో ఆట ముగిశాక చూడవచ్చు. ఏ ఫ్యానూ భాగాలను గది గాలి కంటే చల్లగా చేయలేదు. జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెలలో 40కి చేరితే లోపలి భాగాల వేడి కూడా సుమారుగా అంతే పెరుగుతుంది. సంక్రాంతికి చక్కగా నడిచిన ఆట వేసవి సెలవుల్లో మొరాయించడానికి కారణం అదే. నిర్ధారించుకోవడం సులువు: కేబినెట్ పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్‌ను దాని వైపు తిప్పి, అదే బెంచ్‌మార్క్‌ను అరగంట పాటు తిప్పి తిప్పి నడపండి. వేగం చివరిదాకా నిలిస్తే దోషం దుమ్ముది గానీ, ప్రాసెసర్‌కూ దాని పైనున్న హీట్ సింక్ అనే లోహపు దిమ్మకూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ది గానీ అవుతుంది. తలుపును అలాగే వదిలేయకండి, మరింత దుమ్ము చేరుతుంది.

మా కంప్యూటర్‌లో వేడితో పాటు మరొకటి బయటపడింది. ర్యామ్ పెంచమని ఇస్తే దుకాణంలో పాత రెండు 4 జీబీ స్టిక్కులు తీసేసి ఒకే 8 జీబీ స్టిక్కు పెట్టి పంపారు. అంటే ర్యామ్ పెరగకపోగా, డబ్బిచ్చి మరీ డ్యూయల్ ఛానల్‌ను (రెండు స్టిక్కులు ఒకేసారి రెండు దారుల్లో పనిచేసే వీలును) పోగొట్టుకున్నాం. డీడీఆర్3-1600 ర్యామ్ ఒక్కో ఛానల్‌లో సెకనుకు 12.8 జీబీ అందిస్తుంది; రెండు స్టిక్కులుంటే దానికి రెట్టింపు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో మెమరీ పేజీ తెరిస్తే మీది ఏదో తెలుస్తుంది.

సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి, కారు వేగంగా కొత్త వీధిలోకి మళ్లినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతే హార్డ్ డిస్క్‌ను చూడాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేముకు ఉన్న వ్యవధి 16.7 మిల్లీసెకన్లే; కొత్త వీధి వివరాల కోసం డిస్క్ రెండు చుట్లు తిరిగితేనే అది అయిపోతుంది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ పెడితే ఈ బిగుసుకుపోవడం, లోడింగ్ ఆలస్యం చాలావరకు తగ్గుతాయి, సగటు మాత్రం పెద్దగా మారదు.

వచ్చే పాఠానికి ముందు రెండు రిజల్యూషన్‌లలోనూ మూడేసి సార్లు బెంచ్‌మార్క్ నడిపి, ఎఫ్‌పీఎస్, కార్డు వాడకం, గరిష్ఠ ఉష్ణోగ్రత, ఆ రోజు గది ఉష్ణోగ్రత కాగితం మీద రాసి ఉంచుకోండి. నాలుగవ పాఠంలో హీట్ సింక్ విప్పి పాత పేస్ట్ తుడుస్తాం. థర్మల్ పేస్ట్ ట్యూబు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ, ఒక పెయింట్ బ్రష్ సిద్ధం చేసుకోండి.