నెల్లూరులో స్మార్ట్ సిగ్నళ్లు, కెమెరాలు, బస్సు ట్రాకింగ్: వాటి పనితీరును మదింపు చేయడం ఎలా

పట్టణంలో కొత్త సిగ్నల్ వ్యవస్థ ప్రారంభమైనప్పుడు మనకు చెప్పే అంకెలు సాధారణంగా మూడు రకాలుగా ఉంటాయి: ఎన్ని కెమెరాలు బిగించారు, ఎన్ని కూడళ్లను కంట్రోల్ రూముకు కలిపారు, ఎన్ని కోట్లు ఖర్చయింది. ఇవన్నీ కొనుగోలు వివరాలు. వేదాయపాళెంలో ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరి వీఆర్సీ సెంటర్ దాటవలసిన ఉద్యోగికి, దర్గామిట్ట పెద్దాసుపత్రి ఎదుట రోడ్డు దాటవలసిన వృద్ధురాలికి, ఆత్మకూరు బస్టాండులో బస్సు కోసం నిలబడిన విద్యార్థికి ఆ ఖర్చు వల్ల ఏమి మారిందో వాటిలో కనిపించదు. ఆ మార్పును ఎలా కొలవాలో, ఎక్కడ పొరబడతామో వార్డు సభ్యులకు, పౌర సంఘాలకు, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఉపయోగపడే విధంగా ఇక్కడ వివరిస్తున్నాను. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. గడియారం ఉన్న ఫోను, గళ్ల కాగితం, ఓపిక గల నలుగురు మనుషులు చాలు.

2015 జూన్‌లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్ జాబితాలోని వంద నగరాల్లో నెల్లూరు గానీ ఒంగోలు గానీ లేవు. అందువల్ల మన ప్రాంతంలో ఇటువంటి వ్యవస్థలు ఒకే పెద్ద పథకంగా కాక ముక్కలుగా వస్తాయి. కెమెరా ఒక శాఖది, సిగ్నల్ స్తంభం మరొక శాఖది, బస్సులోని జీపీఎస్ ఆర్టీసీది, జాతీయ రహదారి మీది బోర్డు ఇంకొకరిది. ఫలితాన్ని మొత్తంగా చూసే బాధ్యత ఎవరికీ ప్రత్యేకంగా ఉండదు కాబట్టే పౌరులు ఈ పని నేర్చుకోవలసిన అవసరం ఉన్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి అంచనాకు ఒక ప్రభుత్వ కొలమానం సిద్ధంగా ఉంది. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2009లో పట్టణ రవాణాకు సేవా ప్రమాణాలను రూపొందించినప్పుడు ఈ వ్యవస్థలకు ఒక విభాగాన్ని కేటాయించింది. నిఘా ఉన్న కూడళ్లు, ప్రయాణికులకు సమాచారం చూపే ఏర్పాటు, జీపీఎస్ ఉన్న వాహనాలు, ఒకదానితో ఒకటి సమన్వయమైన సిగ్నళ్లు, ఉమ్మడి టికెట్ విధానం ఎంత మేరకు ఉన్నాయో చూసి 1 నుంచి 4 వరకు స్థాయిని నిర్ణయిస్తారు. దీనితో మొదలుపెట్టండి, కానీ దీనితో ఆపకండి. ఇది వస్తువు ఉన్నదా లేదా అన్నంతవరకే చెబుతుంది. అదే పత్రంలో ప్రయాణ వేగానికి, పాదచారుల వసతులకు, రోడ్డు భద్రతకు వేరే విభాగాలు ఉన్నాయి. ఈ వ్యవస్థల ఫలితం కనిపించవలసింది వాటిలోనే.

పరికరం రాకముందే కొలవాలి

టెండరు పిలిచిన వార్త రాగానే చేయవలసిన మొదటి పని, ఈ వ్యవస్థ దేనిని మార్చాలని పెడుతున్నారో ఒకే వాక్యంలో రాసుకోవడం. "ట్రాఫిక్ మెరుగుపడాలి" అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. "పని దినాల్లో ఉదయం 8.30 నుంచి 10 గంటల మధ్య గాంధీబొమ్మ సెంటర్ నుంచి కేవీఆర్ పెట్రోలు బంకు వరకు ప్రయాణ సమయం తగ్గాలి" అని రాస్తే కొలవవచ్చు. పరికరాలు బిగించిన తరువాత పాత పరిస్థితిని తిరిగి కొలవడం ఎవరికీ సాధ్యం కాదు. నేను విద్యార్థులతో లెక్కలు తీయించిన సందర్భాల్లో ఎక్కువగా ఎదురైన ఇబ్బంది ఇదే: అందరికీ ఇప్పటి అంకె తెలుసు, నిన్నటి అంకె ఎవరి దగ్గరా ఉండదు.

ఎంచుకున్న దారిలో ద్విచక్ర వాహనం మీద, ఆటోలో, బస్సులో విడివిడిగా ప్రయాణించి, బయలుదేరిన సమయాన్ని, ప్రతి కూడలి వద్ద ఆగిన సెకన్లను, చేరిన సమయాన్ని రాసుకోవాలి. ఒక్కొక్క వాహనంతో కనీసం ఇరవై ప్రయాణాలు ఉండాలని నా సూచన. సగటు ఒక్కటే చూడకండి. ఇరవై ప్రయాణాల్లో పంతొమ్మిదింటికి సరిపోయే సమయం ఎంతో కూడా చూడండి. పరీక్షకు వెళ్లే విద్యార్థి, రైలు అందుకోవలసిన ప్రయాణికుడు సగటును నమ్ముకుని ఇల్లు కదలరు. ఆలస్యమైన రోజును దృష్టిలో పెట్టుకుని బయలుదేరుతారు. సగటు మారకపోయినా ఆ చివరి అంకె తగ్గితే అది నిజమైన ప్రయోజనమే.

రోజుల ఎంపికలో జాగ్రత్త అవసరం. రొట్టెల పండుగ రోజుల్లో బారాషహీద్ దర్గా చుట్టుపక్కల రద్దీ మామూలు రోజులతో పోల్చదగినది కాదు. సంక్రాంతి వారం, బడులకు సెలవులు ఇచ్చిన వేసవి కూడా అంతే. మంగళ, బుధ, గురువారాలను తీసుకుని, ముందు కొలతను ఏ నెలలో తీశారో తరువాతి కొలతను కూడా అదే నెలలో తీయడం మంచిది. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలు రోడ్డు పరిస్థితిని పూర్తిగా మారుస్తాయి కాబట్టి వాన రోజుల కొలతలను వేరే కాగితం మీద ఉంచండి. వాటిని వదిలేయకండి, కలపకండి.

దీనితోపాటు కొత్త వ్యవస్థ రాని మరొక కూడలిని పోలిక కోసం ఎంచుకుని అక్కడ కూడా అదే విధంగా కొలవాలి. రెండు చోట్లా సమయం ఒకే విధంగా తగ్గితే ఆ మార్పుకు కారణం సిగ్నల్ కాదని తెలుస్తుంది.

వాహనాలను కాదు, మనుషులను లెక్కించండి

రోడ్లకు సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 1990 నాటి 106వ ప్రమాణం అన్ని వాహనాలను కారుతో పోల్చి లెక్కించే పద్ధతిని ఇచ్చింది. మొత్తం వాహనాల్లో ద్విచక్ర వాహనాలు 10 శాతం, ఆపైన ఉంటే ఒక్కొక్కటి 0.75 కారుతో సమానం; బస్సు వాటా అంతే ఉంటే అది 3.7 కార్లతో సమానం. రోడ్డు మీద ఎంత చోటు పడుతుందో తెలుసుకోవడానికి ఈ లెక్క సరైనదే. అయితే దీని ప్రకారం యాభై మందితో వెళ్లే బస్సు అయిదు మోటారు సైకిళ్లతో సమానమవుతుంది. వాహనాల బారును తగ్గించడమే లక్ష్యంగా సిగ్నల్ నడిస్తే బస్సులోని యాభై మంది విలువ, ఆ అయిదు మోటారు సైకిళ్ల మీది ఏడెనిమిది మంది విలువకు పడిపోతుంది.

అందువల్ల ప్రతి కూడలి వద్ద మనిషి-సెకన్ల లెక్క తీయండి. ఉదాహరణకు, కొత్త సిగ్నల్ వల్ల ఇద్దరేసి ఉన్న ఇరవై కార్లకు పది సెకన్ల చొప్పున ఆదా అయిందనుకుందాం. మొత్తం 400 మనిషి-సెకన్లు. అదే సమయంలో యాభై మంది ఉన్న ఒక బస్సు అదనంగా ఒక నిమిషం ఆగితే నష్టం 3,000 మనిషి-సెకన్లు. కంట్రోల్ రూము తెర మీద ఈ కూడలి బాగుపడినట్టే కనిపించవచ్చు.

నడిచేవారిని ఈ లెక్కలో తప్పనిసరిగా చేర్చాలి, ఎందుకంటే చాలా సెన్సార్లు వారిని సరిగా చూడవు. సిగ్నళ్ల రూపకల్పనలో పాదచారి వేగాన్ని సాధారణంగా సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. ఆ లెక్కన 18 మీటర్ల రోడ్డు దాటడానికి 15 సెకన్లు కావాలి. సెకనుకు 0.8 మీటరు నడిచే వృద్ధులకు, రోగులకు 22.5 సెకన్లు కావాలి. పెద్దాసుపత్రి ఎదుట అరగంట నిలబడి, దాటడానికి ఎదురుచూసిన సమయాన్ని, దాటుతూ మధ్యలో ఆగిపోయిన మనుషుల సంఖ్యను రాసుకోండి. మొత్తం మదింపులో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం అదే.

రద్దీని బట్టి మారే సిగ్నళ్లు

వచ్చే వాహనాలను గుర్తించి పచ్చదీపం సమయాన్ని తనంతట తానే సవరించుకునే వ్యవస్థల్లో బ్రిటన్‌కు చెందిన స్కూట్, ఆస్ట్రేలియాకు చెందిన స్కాట్స్ పాతవి. మన దేశంలో ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ కోసికాస్ట్ పేరుతో ఒకదాన్ని తయారు చేసింది. ఏది పెట్టినా మొదట పరీక్షించవలసింది దాని కన్ను. 15 నిమిషాల పాటు ఒక దిక్కు నుంచి వచ్చే వాహనాలను రకాల వారీగా చేత్తో లెక్కించి, అదే సమయానికి యంత్రం నమోదు చేసిన లెక్కతో పోల్చండి. వరుస పాటించకుండా ఖాళీల్లోంచి ముందుకు వచ్చి నిలిచే ద్విచక్ర వాహనాలు, స్టాపు లేని చోట ఆగే షేర్ ఆటోలు ఉన్న రోడ్డు మీద ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎక్కువగా ఉంటే, ఆ పైన లెక్కగట్టిన సమయాలకు ఆధారం లేదు.

రెండవది, రద్దీ గంటల్లో సిగ్నల్ నిజంగా యంత్రం చేతిలో ఉందా, పోలీసు సిబ్బంది చేతి మీద నడుస్తోందా అని అడగాలి. సిబ్బంది అలా చేయడం తప్పని నేను అనడం లేదు, చాలాసార్లు వారి నిర్ణయమే మెరుగైనది. కానీ ఉదయం, సాయంత్రం మొత్తం చేత్తోనే నడిపితే అక్కడ మదింపు చేయడానికి వ్యవస్థ అనేదే ఉండదు.

అధికారులు అంగీకరిస్తే అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి ఒకటి ఉంది. ఒక వారం పాత స్థిర సమయాలతో, మరుసటి వారం కొత్త పద్ధతితో, ఇలా మార్చి మార్చి కనీసం ఆరు వారాలు నడిపి కొలవడం. దీనికి అదనపు ఖర్చు లేదు, పోలిక కూడలి కూడా దాదాపు అవసరం ఉండదు.

నెల్లూరుకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. రైలు కట్ట ఊరిని రెండుగా చీలుస్తుంది. అటూ ఇటూ పోవడానికి చాలామందికి అండర్ బ్రిడ్జిలే దారులు. బ్రిడ్జి దగ్గర మొదలైన వాహనాల బారు వెనుకకు పెరిగి కూడలిని కమ్మేస్తే పచ్చదీపం వెలిగినా ఎవరూ కదలరు. ఆ కదలని సెకన్లను లెక్కించండి. 1958లో బ్రిటన్ పరిశోధకుడు వెబ్‌స్టర్ ఇచ్చిన సిగ్నల్ సూత్రం కూడా ఈ విషయాన్నే చూపుతుంది: వచ్చే వాహనాల సంఖ్య కూడలి పంపగలిగిన గరిష్ఠ సంఖ్యకు దగ్గరపడే కొద్దీ, అవసరమయ్యే చక్ర సమయం (అన్ని దిక్కుల దీపాలు ఒక చుట్టు పూర్తి కావడానికి పట్టే సమయం) అంతు లేకుండా పెరుగుతుంది. అటువంటి చోట డబ్బు సాఫ్ట్‌వేరుకు కాక దారి వెడల్పుకు ఖర్చు చేయాలని మీ నివేదికలో నిస్సంకోచంగా రాయండి.

వాన నీటి హెచ్చరిక

ఆత్మకూరు బస్టాండ్, మాగుంట లేఔట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో పెద్ద వాన పడితే నీళ్లు నిలుస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు. నా అభిప్రాయంలో మన నగరానికి చలాన్ల కెమెరా కంటే ముందు కావలసినది నీటి మట్టాన్ని చూసి హెచ్చరించే ఏర్పాటు. దాన్ని మదింపు చేయడం కూడా తేలిక. నీళ్లు నిర్ణీత గీతను తాకిన సమయం, ఎలక్ట్రానిక్ బోర్డు మీద హెచ్చరిక వెలిగిన సమయం, మోటారు మొదలైన సమయం, దారి తిరిగి తెరిచిన సమయం అనే నాలుగు అంకెలు చాలు. బోర్డు ఎక్కడ ఉందో కూడా చూడండి. వాహనం పక్క వీధిలోకి తిరగడానికి వీలున్న చోటుకు ముందే అది కనిపించాలి. 2021 నవంబరు వరదల్లో పెన్న ఉప్పొంగి కోవూరు వైపు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు ఎంతమంది దారిలోనే చిక్కుకున్నారో గుర్తున్నవారికి ఈ చివరి అంశం ప్రాముఖ్యం విడిగా చెప్పనక్కరలేదు.

బస్సు ట్రాకింగ్, కెమెరాలు

బస్సు ఎక్కడ ఉందో చూపే ఏపీఎస్ఆర్టీసీ లైవ్ ట్రాక్ వంటి యాప్‌ను మదింపు చేయడానికి, స్టాపులో నిలబడి యాప్ చెప్పిన సమయాన్ని, బస్సు వాస్తవంగా వచ్చిన సమయాన్ని పక్కపక్కన రాయండి. బస్సు అయిదు నిమిషాల దూరంలో ఉన్నప్పటి తప్పు వేరు, అరగంట దూరంలో ఉన్నప్పటి తప్పు వేరు. రెంటినీ విడిగా చూడాలి. యాప్‌లో కనిపించి అసలు రాని బస్సులను, కనిపించకుండానే వచ్చిన బస్సులను ప్రత్యేకంగా లెక్కించాలి. ఒక హెచ్చరిక: 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆ తేదీకి ముందు, తరువాత ప్రయాణికుల సంఖ్యలను పోల్చి, పెరుగుదలను యాప్ ఖాతాలో వేస్తే ఆ నివేదికకు విలువ ఉండదు.

ఉల్లంఘనలను పట్టే కెమెరాకు రెండు పరీక్షలు ఉన్నాయి. పంపిన చలాన్లలో నూరింటిని తీసి, ఎన్ని తప్పు నెంబరుకు వెళ్లాయో చూడాలి. తరువాత ఒక గంట కూడలిలో నిలబడి కంటితో చూసిన ఉల్లంఘనల్లో కెమెరా ఎన్నింటిని పట్టిందో చూడాలి. ఒక దానిలో మంచి మార్కులు వచ్చిన కెమెరా రెండవ దానిలో తప్పవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ నిబంధన ప్రకారం ఇటువంటి పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి, కెమెరా ఉన్నట్టు ప్రజలకు కనిపించే హెచ్చరిక బోర్డు పెట్టాలి, నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. ఈ మూడింటికీ అవును, కాదు అనే సమాధానాలు తీసుకోండి.

ప్రమాదాల అంకెల విషయంలో తొందరపడకూడదు. ఒక కూడలిలో ఏడాదికి జరిగేవి కొద్ది ప్రమాదాలే. ఒక ఏడు ఎక్కువ జరగగానే అక్కడ సిగ్నల్ పెడతారు. ఏమీ పెట్టకపోయినా మరుసటి ఏడు ఆ సంఖ్య మామూలు స్థాయికి తగ్గే అవకాశమే ఎక్కువ. అందుకే ముందు మూడేళ్లు, తరువాత మూడేళ్లు చూడాలి. అంతవరకు ఆగలేనప్పుడు, తృటిలో తప్పిన ఘటనలను వీడియోలో చూసి లెక్కించడం మేలు.

పనిచేసిన గంటలు, పత్రాలు

నిర్వహణ ఒప్పందాల్లో పరికరాలు 99 శాతం సమయం పనిచేయాలని రాసి ఉంటే అది సంతృప్తికరంగానే కనిపిస్తుంది. ఏడాదిలోని 8,760 గంటల్లో ఒక శాతం అంటే సుమారు 88 గంటలు. ఆ గంటలన్నీ రద్దీ వేళల్లోనో వాన రాత్రుల్లోనో వస్తే వ్యవస్థ అవసరమైనప్పుడే లేనట్టు. కాబట్టి మొత్తం శాతాన్ని కాక, రద్దీ వేళల్లో పనిచేసిన శాతాన్ని విడిగా అడగండి. దుమ్ము పట్టి బొమ్మ కనిపించని కెమెరాను పనిచేస్తున్నట్టుగా లెక్కించారా అని కూడా అడగండి.

ఒప్పందం ప్రతి, మరమ్మతుల నమోదు పుస్తకం, చేతితో నడిపిన గంటల వివరాలు, కెమెరా ధ్రువపత్రాలు 2005 సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అడిగేటప్పుడు "పూర్తి వివరాలు" అని రాయకుండా కూడలి పేరు, నెల, పత్రం పేరు స్పష్టంగా రాయండి. మీరు తీసిన కొలతల కాగితాలను, లెక్క తప్పిన వాటితో సహా, నివేదికకు జతచేసి కార్పొరేషన్‌కు, ట్రాఫిక్ పోలీసులకు, ఆర్టీసీ డిపోకు ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. వచ్చే ఏడాది అదే నెలలో, అదే కూడలిలో, అదే పద్ధతిలో మళ్లీ లెక్క తీయబోతున్నట్టు ఆ ప్రతుల మీద తేదీతో సహా రాసి పెట్టండి.