నీళ్ల బ్లాడర్ కంపు కొడుతోందా? తెల్ల పొర, జిగురు, నల్ల చుక్క: దేనికి ఏం చేయాలి

దేవరకొండ కోట ఎక్కాలన్నా, ఎండాకాలంలో నల్లమలలోని సలేశ్వరం లోయలోకి దిగాలన్నా వీపు సంచిలో రెండు లీటర్ల బ్లాడర్ (పైపుతో నీళ్లు తాగే మెత్తటి ప్లాస్టిక్ సంచి) ఉంటే రెండు చేతులూ రాళ్లు పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. ఇంటికొచ్చాక దాన్ని అలాగే గూట్లో పడేయడంతోనే గోల మొదలవుతుంది. వాసన రాగానే అందరూ సంచిని రుద్దుతారు గానీ అసలు మురికి ఎక్కువగా ఉండేది పైపులో, నోటితో పట్టుకునే వాల్వులో.

ఏదైనా పోసే ముందు లోపల పట్టింది ఏమిటో చూసుకోండి. తెల్లగా, గరుగ్గా ఉంటే నీళ్లలోని సున్నపు ఉప్పు. వేలు పెడితే జారుతుంటే జిగురు పొర. నల్ల చుక్కలుంటే బూజు. మూడింటికీ మందు ఒకటి కాదు. ఉప్పు మీద బ్లీచ్ పోస్తే అది కరగదు, బూజు మీద నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పోస్తే అది పూర్తిగా చావదు.

తెల్ల పొర

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇది తప్పదు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సంచిలో మిగిలిన గుక్కెడు నీళ్లు ఆరిపోతాయి, అవి మాత్రం గోడకు అంటుకుని ఉండిపోతాయి. అనుమానముంటే మరక మీద నిమ్మచెక్కతో ఒక్క చుక్క పిండి, వెలుతురుకు పట్టి చూడండి. సన్నటి బుడగలు లేస్తే అది సున్నపు ఉప్పే.

లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టేబుల్ చెంచా నిమ్మ ఉప్పు కరిగించి సంచిలో పోయండి. సంచిని ఎత్తులో పట్టుకుని, వాల్వు నొక్కి, పైపు చివరిదాకా ఆ నీళ్లు వచ్చేలా చేయండి. పైపులో గాలి ఉన్న చోట మందు తగలదు. అరగంట ఉంచి, మూడుసార్లు మంచి నీళ్లతో కడగండి. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, అతుకులు వదులుతాయి. స్టీలు పీచు కూడా వద్దు. అది చేసిన గీతల్లోనే తర్వాత మురికి కూర్చుంటుంది.

ఇక్కడే ఒక మాట. తెల్ల పొర పోయినంత మాత్రాన ఫ్లోరైడ్ పోయినట్టు కాదు. నల్గొండ జిల్లా మర్రిగూడ లాంటి చోట్ల బోరు నీళ్లతో ఆ బాధ ఎంత ఉండేదో తెలిసిందే. మరిగించినా, క్లోరిన్ బిళ్ల వేసినా ఫ్లోరైడ్ తగ్గదు. మరిగిస్తే నీళ్లు ఆవిరై లీటరుకు దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది. బ్లాడర్‌లో మిషన్ భగీరథ నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో నింపండి. భగీరథ నీళ్లకు క్లోరిన్ వాసన ఉంటే రాత్రి వెడల్పు గిన్నెలో పోసి, పలుచటి గుడ్డ కప్పి ఉంచితే పొద్దునకు చాలావరకు తగ్గుతుంది.

జిగురు, పుల్లటి వాసన

ఓఆర్‌ఎస్, గ్లూకోజ్, పంచదార వేసిన నిమ్మరసం బ్లాడర్‌లో పోసేవాళ్లకే ఇది ఎక్కువ. చక్కెర దొరికితే సూక్ష్మజీవులు గోడకు పొరలా అంటుకుని పెరుగుతాయి. మజ్జిగైతే మరీ ఘోరం, దాని కొవ్వు వాల్వు మడతల్లో చేరితే వాసన ఒక పట్టాన వదలదు. అవన్నీ వేరే సీసాలో పెట్టుకోండి. బ్లాడర్‌లో నీళ్లే.

గిన్నెలు తోమే ద్రవం నాలుగైదు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో మూలలు, మూత మరలు రుద్దండి. తర్వాత లీటరుకు రెండు టేబుల్ చెంచాల వంట సోడా కలిపి అరగంట నానబెట్టండి. కొత్త సంచిలో వచ్చే ప్లాస్టిక్ వాసనకూ ఇదే మందు.

పైపు లోపలి రంధ్రం సుమారు 6 మిల్లీమీటర్లే. సన్న బ్రష్ లేకపోతే చేపలు పట్టే నైలాన్ దారం ఒక చివర నుంచి దూర్చి అవతలికి తీయండి. దానికి తడి నూలుగుడ్డ ముక్క ముడేసి లాగండి. గుడ్డ బయటికొచ్చేటప్పుడు ఎంత మురికి మోసుకొస్తుందో చూస్తే, వాసన ఎక్కడిదో అర్థమవుతుంది. ముడి లావైతే మధ్యలో ఇరుక్కుంటుంది కాబట్టి చిన్న ముక్కతోనే రెండు మూడుసార్లు లాగండి.

నల్ల చుక్కలు

సువాసన లేని ద్రవ బ్లీచ్, లీటరుకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచా. పైపు నిండేలా చేసి పది నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడగండి. బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ వాడొద్దు, దాని సున్నపు పలుకులు కరగకుండా పైపులో మిగులుతాయి. నిమ్మ ఉప్పు, వెనిగర్‌లను బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషపు క్లోరిన్ వాయువు వస్తుంది. రెండూ అవసరమైతే ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది.

వాల్వు రబ్బరు లోపలికి దిగిన నలుపు ఎంత కడిగినా పోదు. వాల్వు విడిగా దొరుకుతుంది, మార్చేయండి.

కారుతోందా

సంచి నింపి, తుడిచి, పేపరు మీద పడుకోబెట్టండి. పావుగంటలో తడి ఎక్కడ కనిపిస్తే తప్పు అక్కడే. మూత దగ్గరైతే మర వంకరగా పట్టింది, లేదా వాషరులో ఇసుక రేణువు ఉంది. పైపు చేరే చోటైతే అక్కడి చిన్న రబ్బరు వలయం ఎండి పగిలింది, అదే కొలతది వేయాలి. వాల్వు నుంచి చుక్కలైతే దాని చివరి చీలికలో దుమ్ము ఉందేమో కడిగి చూడండి, పళ్లతో కొరికి తెగిందైతే మార్చడమే.

నీళ్లు సరిగ్గా రాకపోతే ముందు పైపు మడత పడిందేమో చూడండి. వీపు సంచిలో బ్లాడర్‌ను అన్నిటికన్నా ముందు పెట్టాలి, మిగతా సామాను తర్వాత. సబ్జా గింజలు వేసుంటే కారణం ఇంకెక్కడా వెతకక్కర్లేదు. ఏప్రిల్, మే ఎండలో మొదటి గుక్క కాలుతుంటే తాగాక పైపులోకి ఊది, నీళ్లు సంచిలోకి వెనక్కి పంపండి.

ఆరబెట్టడం

కడిగాక ఆరకపోతే పై పనంతా వృథా. పైపు, వాల్వు విడదీయండి. పైపు ఒక చివర పట్టుకుని గట్టిగా విసిరి తిప్పితే లోపలి చుక్కలు ఎగిరిపోతాయి. సంచి గోడలు అంటుకోకుండా లోపల చెక్క గరిటె అడ్డం పెట్టి, తలకిందులుగా, గాలి ఆడే నీడలో వేలాడదీయండి. నేరుగా ఎండలో వేస్తే ప్లాస్టిక్ గట్టిపడి మడతల దగ్గర చీలుతుంది. మేలో సాయంత్రానికే ఆరుతుంది. మల్లెల తీర్థం జలపాతం నిండుగా దూకే వానాకాలంలో మాత్రం రెండు రోజులైనా లోపల చెమ్మ పోదు. అప్పుడు నీళ్లు ఒంపేసి, సంచి, పైపు, వాల్వు మూడింటినీ శుభ్రమైన కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, ఆ చలికి బూజు పెరగదు. బయటికి తీశాక మెత్తబడేదాకా మడవకండి, గడ్డకట్టిన పైపు పెళుసుగా ఉంటుంది. తర్వాత ఒకసారి నీళ్లు తిప్పి పారబోసి నింపుకోండి.