తొలి చైనా కాగితపు డబ్బు – 4వ పాఠం: మింగ్ కాలపు ఒక గ్వాన్ నోటును చదవడం

సిచువాన్‌లో ఇనుప నాణేల బరువు మోయలేక పుట్టిన కాగితపు డబ్బును 1024లో సోంగ్ వంశపు ప్రభుత్వమే స్వయంగా విడుదల చేయడం మొదలుపెట్టిందని ఇంతకుముందు చదువుకున్నాము. ఈ పాఠంలో మింగ్ వంశ స్థాపకుడైన హొంగ్‌వు చక్రవర్తి 1375లో ప్రవేశపెట్టిన నోటును తీసుకుందాము. పాత చైనా నోట్లలో నేటికీ వేలంపాటలలో కనిపించేది ఇది కనుక, కొత్త సేకర్త ముందుగా చదవడం నేర్చుకోవలసినదీ ఇదే.

నోటు పరిమాణమే మొదటి ఆనవాలు. ఒక గ్వాన్ నోటు సుమారు 34 సెంటీమీటర్ల ఎత్తు, 22 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది; అంటే మనం వాడే ఎ4 కాగితం కంటే పొడవైనది. మల్బరీ బెరడుతో చేసిన ఆ కాగితం పలక రంగులో ఉంటుంది.

అక్షరాల జోలికి పోకముందు బొమ్మను చూడండి. మధ్య భాగంలో పై వరుసలో అయిదు, కింది వరుసలో అయిదు నాణేల దండలు ఉంటాయి. ఒక్కొక్క దండ 100 రాగి నాణేలకు గుర్తు. పది కలిపితే 1,000 నాణేలు, అదే ఒక గ్వాన్. చదువురానివారు కూడా విలువను లెక్కపెట్టుకోగలిగేలా వేసిన ఈ బొమ్మను నేను ఆ నోటులోని అతి తెలివైన భాగంగా భావిస్తాను. తరువాత పైనున్న ఆరు అక్షరాల శీర్షికను కుడి నుంచి ఎడమకు చదవాలి: దా మింగ్ తుంగ్ షింగ్ బావ్ చావ్, అనగా మహా మింగ్ రాజ్యంలో చెల్లుబాటయ్యే విలువైన నోటు.

కింది గడిలోని వాక్యాలే అసలు పాఠం. ఈ నోటు రాగి నాణేలతో పాటు చలామణీ అవుతుందని, దొంగనోటు చేసినవాడి తల నరుకుతారని, పట్టించినవారికి 250 ల్యాంగ్‌ల (ల్యాంగ్ అంటే చైనాలో వెండిని తూచే కొలత) వెండితో పాటు నేరస్థుని ఆస్తి కూడా దక్కుతుందని అక్కడ ఉంటుంది. ఇంత కఠినంగా బెదిరించిన ప్రభుత్వం నోటుకు బదులు వెండి గాని రాగి గాని ఇస్తామని మాత్రం హామీ ఇవ్వలేదు. పైగా అచ్చును అదుపులో పెట్టలేదు. అందుచేత విలువ పడిపోతూ వచ్చి, చివరకు జనం వెండినే నమ్ముకున్నారు.

కాలనిర్ణయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. తరువాతి చక్రవర్తులు కూడా హొంగ్‌వు పేరుతోనే నోట్లు అచ్చువేయించారు కనుక ఆ పేరును బట్టి సంవత్సరాన్ని తేల్చలేము. దానికి బదులు, విడుదల చేసిన కార్యాలయం పేరును చూడాలి. చక్రవర్తి 1380లో తన ప్రధానమంత్రిని చంపించి కేంద్ర సచివాలయాన్ని రద్దు చేశాడు. కనుక సచివాలయం పేరున్న నోటు 1375–1380 మధ్యదిగాను, రెవెన్యూ శాఖ పేరున్నది ఆ తరువాతిదిగాను గుర్తించవచ్చు.

నకళ్ళు విరివిగా దొరుకుతాయి కాబట్టి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం దగ్గర ఉంచుకోండి. అసలు నోటుపై ఎర్ర ముద్రలను నల్లని అచ్చు అయ్యాక విడిగా చేతితో వేశారు. అందువల్ల అవి గీతల మీదుగా, నోటు నోటుకూ కొంత తేడాగా పడి ఉంటాయి. ఎరుపు, నలుపు రెండూ చిన్న చుక్కలుగా విడిపోతూ కనిపిస్తే అది నేటి యంత్రపు అచ్చు.

అభ్యాసం: బ్రిటిష్ మ్యూజియం సేకరణలోని మింగ్ నోటు చిత్రాన్ని తెరిచి, దండలను లెక్కించి, శీర్షికలోని ఆరు అక్షరాలను కుడి నుంచి ఎడమకు మూడుసార్లు చేతితో రాయండి.