అరచేతిలో ఇమిడే కుక్కపిల్లను ఎలా చూసుకోవాలి?

కిలోన్నర మించి పెరగవంటూ అమ్మే పొమెరేనియన్, చివావా, యార్కీ పిల్లలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. అమ్మేవాళ్లు టీకప్ అంటారు గానీ అలాంటి జాతిని కెన్నెల్ క్లబ్బులు గుర్తించలేదు. చిన్న జాతుల్లోనే మరీ చిన్నవాటిని జతకట్టించి పుట్టించిన పిల్లలివి. వీటిలో సగం ఇబ్బందులు ఆ సైజు వల్లే వస్తాయి.

1. కొనేముందు

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లోనే నిబంధన పెట్టింది. అయినా నెల దాటగానే అంటగట్టేవాళ్లున్నారు, టీకాల కార్డు చూడనిదే డబ్బు ఇవ్వకండి. తర్వాత నడినెత్తిన వేలితో మెల్లగా తడమండి. మెత్తగా తగిలితే మాడు పూడలేదన్నమాట. చివావాల్లో ఇది మామూలే. కానీ తల బాగా ఉబ్బి, పిల్ల మందకొడిగా ఉంటూ ఒకేచోట గుండ్రంగా తిరుగుతుంటే మెదడులో నీరు చేరి ఉండొచ్చు. డాక్టరుకు చూపించాకే నిర్ణయం తీసుకోండి.

2. తిండి టైము

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఇంత చిన్న ఒంట్లో చక్కెర నిల్వలు చాలా తక్కువ. ఒక్క పూట తినకపోయినా షుగర్ పడిపోవచ్చు. మొదటి కొన్ని నెలలు మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టండి, పడుకునే ముందు తప్పకుండా ఒకసారి. ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇంట్లో మధ్యాహ్నం పెట్టే మనిషి లేకపోతే, నన్నడిగితే ఈ పిల్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రోజూ పొద్దున వంటింటి డిజిటల్ త్రాసు మీద బరువు చూసి రాసుకోండి. పెరగాల్సిన వయసులో తగ్గుతుంటే ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

3. షుగర్ పడిపోతే

ముందు ఆట మానేస్తుంది. నడిస్తే వెనక కాళ్లు తూలతాయి, చెవులు చల్లబడతాయి, వణుకు మొదలవుతుంది. అక్కడితో ఆగకపోతే ఫిట్స్.

వెంటనే తేనె గానీ గ్లూకోజు పొడి కలిపిన చిక్కటి నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాయండి. స్పృహ లేకపోతే నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగర్ ఫ్రీ సరుకు అసలే వద్దు, కొన్నిటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం. టవల్లో చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి, తేరుకున్నట్టు కనిపించినా సరే. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది గానీ సాయంత్రం ట్రాఫిక్‌లో అంత దూరం ఎప్పటికి చేరతారు? దగ్గర్లో రాత్రిపూట కూడా తెరిచి ఉండే క్లినిక్ ఏదో ముందే కనుక్కుని, నంబరు ఫ్రిజ్‌కి అంటించండి.

4. ఎముకలు, మెడ

వీటికి మోకాలి చిప్ప పక్కకు తప్పడం పుట్టుకతోనే వచ్చే ఇబ్బంది, నున్నటి టైల్స్ మీద జారితే అది ఇంకా ముదురుతుంది. పరిగెడుతూ వెనక కాలు ఎత్తి రెండు మూడు గెంతులేసి, ఏమీ కానట్టు మళ్లీ దించిందంటే అదే అనుమానించాలి. తిరిగే చోటల్లా మ్యాట్లు పరచండి. సోఫా మీంచి దూకితే ముందుకాలు విరగొచ్చు, కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలుంటే దాంతో కింద కూర్చునే ఆడుకోమనండి.

మెడకు బెల్టు వద్దు, ఛాతీకి హార్నెస్ వేయండి. శ్వాసనాళం బలహీనంగా ఉన్నవాటికి మెడ లాగితే బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది.

5. మందులు, మిగతావి

పిడుదుల మందు బరువును బట్టే వేయాలి, పక్కింటి లాబ్రడార్‌కి తెచ్చినది దీనికి వేయకూడదు. పారాసిటమాల్ మాట తలపెట్టొద్దు. చుట్టాలొచ్చినప్పుడు ప్రేమకొద్దీ బిర్యానీ ముక్క పెడుతుంటారు. అందులోని ఉల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ఏడో నెలకు కూడా పాలకోరలు ఊడకపోతే తీయించాలి. ఎండాకాలం పొద్దున ఏడు గంటలలోపే వాకింగ్ ముగించండి, ఏసీ గదిలో కప్పుకోను దుప్పటి ఉంచండి. ఆడకుక్కయితే పిల్లల్ని పెట్టించే ఆలోచన వద్దు, ఇంత చిన్నవాటికి కాన్పు చాలాసార్లు సిజేరియన్ దాకా వెళ్తుంది.