అహోబిలం బ్రహ్మోత్సవాలకు పోతున్నారా?

ఫాల్గుణంలో అహోబిలం పోయేవాళ్లకు ఒక మాట. కర్నూలు నుంచి తెల్లారి బయల్దేరితే ఎండ నెత్తికెక్కాకే కొండ చేరతారు. ముందురోజు సాయంత్రమే పోండి. దిగువ అహోబిలంలో గది దొరక్కపోతే ఆళ్లగడ్డలో పడుకోవచ్చు. పొద్దున్నే మొదట ఎగువ గుడికి, దిగువ అహోబిలం నుంచి అక్కడికి సుమారు 8 కిలోమీటర్లే. జ్వాలా నరసింహుడి దాకా నడవాలనుకుంటే మాత్రం భవనాశిని వాగు వెంట అంతా రాళ్లదారి, పట్టున్న బూట్లు, చేతికర్ర ఉండాల్సిందే. అరటిపండ్లు, కొబ్బరిచిప్పలు సంచి లోపల పెట్టుకోండి. కవర్లో వేలాడదీస్తే కోతులు వదలవు, మా ప్రసాదం అట్లే పోయింది! దిగువన ప్రహ్లాదవరదుడి దర్శనం సాయంత్రానికి ఉంచుకోండి. చల్లగా ఉంటుంది, వాహనసేవ ఉంటే అదీ చూడొచ్చు.