మానిఫోల్డ్ విప్పే ముందు క్యామ్ టైమింగ్ చూడండి: షెవర్లే 350లో తక్కువ స్పీడులో పికప్ లేకపోతే

సమస్య: షెవర్లే స్మాల్ బ్లాక్ 350 (350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్)కి కొత్త క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్), కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకి గాలి, పెట్రోలు పంచేది) వేశారు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కానీ ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, వాక్యూమ్ తగ్గి బ్రేక్ పెడల్ గట్టిపడింది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే కార్బ్‌లోంచి ఠప్పుమని శబ్దం. 3000 ఆర్‌పీఎం దాటేదాకా బండి లాగదు, దాటాక పరవాలేదు.

వెంటనే అందరూ అనే మాట: "క్యామ్‌కీ మానిఫోల్డ్‌కీ పడలేదు." అది నిజమో కాదో తేల్చడానికి స్పానర్ అక్కర్లేదు. రెండింటి డబ్బాల మీద ఉన్న ఆర్‌పీఎం రేంజ్ పక్కపక్కన పెట్టి చదవండి. దయచేసి ఈ ఒక్క పని వదిలేయకండి.

మానిఫోల్డ్‌లలో ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ ఐడిల్ నుంచి 5500 దాకా, పెర్ఫార్మర్ ఆర్‌పీఎం 1500 నుంచి 6500 దాకా, విక్టర్ జూనియర్ 3500 నుంచి 8000 దాకా పనిచేస్తాయి. క్యామ్‌లలో కాంప్ క్యామ్స్ కంపెనీ ఎక్స్‌ఈ268హెచ్ రేంజ్ 1600 నుంచి 5800. అంటే దీనికి పెర్ఫార్మర్ ఆర్‌పీఎం సరిజోడు. విక్టర్ జూనియర్‌తో వేస్తే మానిఫోల్డ్ అందుకునే సరికి క్యామ్ సగం పని అయిపోతుంది. పెర్ఫార్మర్‌లు రెండూ డ్యూయల్ ప్లేన్, విక్టర్ జూనియర్ సింగిల్ ప్లేన్. డ్యూయల్ ప్లేన్‌లో ఒక్కో సగం నాలుగు సిలిండర్లకే గాలి ఇస్తుంది. సింగిల్ ప్లేన్‌లో ఎనిమిదీ ఒకే గదిలోంచి పీల్చుకుంటాయి. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్ తక్కువ స్పీడులో కాలిన గ్యాస్‌ని వెనక్కి తోస్తే, ఆ గదిలో అది పక్క సిలిండర్ల వంతు గాలిని కూడా పాడుచేస్తుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే రోడ్డు బండికి సింగిల్ ప్లేన్ వద్దనేది అందుకే.

క్యామ్‌ల డ్యూరేషన్ (వాల్వ్ ఎన్ని డిగ్రీల సేపు తెరిచి ఉంటుందో) పోల్చేటప్పుడు లిఫ్టర్ 0.050 అంగుళం లేచిన దగ్గరి అంకెలే చూడండి. అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్‌ని ఒక కంపెనీ 0.004 దగ్గర కొలుస్తుంది, ఇంకొకటి 0.006 దగ్గర. ఒకరి 280, ఇంకొకరి 280 ఒకటి కావు.

రేంజ్‌లు కలిశాయా? ఇగ్నిషన్ ఇనీషియల్ టైమింగ్ (ఐడ్లింగ్‌లో, పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతుందో) చూడండి. పాత సెట్టింగ్ 8 డిగ్రీల దగ్గరే వదిలేసి ఉంటారు, ఇలాంటి క్యామ్ 14 నుంచి 16 అడుగుతుంది. టోటల్ 34-36 దాటకుండా చూసుకోండి. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ స్టాల్ (బ్రేక్ పట్టి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ చేరే ఆర్‌పీఎం) కూడా క్యామ్ రేంజ్ మొదలయ్యే చోటికి అందాలి.

ఇవన్నీ బాగుండి కూడా బండి లాగకపోతే, ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం.

నా దగ్గరికి వచ్చిన ఒక 350కి అప్పటికే సింగిల్ ప్లేన్ తీసేసి డ్యూయల్ ప్లేన్ వేశారు. కాగితం మీద అన్నీ కలుస్తున్నాయి, బండి మాత్రం అలాగే ఉంది. కంప్రెషన్ గేజ్ పెడితే ఎనిమిది సిలిండర్లూ సమానంగా చూపించాయి, కానీ అన్నిటిలోనూ తక్కువే. రింగులో వాల్వులో పోతే ఎనిమిదీ ఒకేలా తగ్గడం అరుదు. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంటే అలా తగ్గుతాయి. ఇంజిన్ ముందు వైపు టైమింగ్ కవర్ విప్పితే తొమ్మిది కీవేల (కీ కూర్చునే గాళ్ల) క్రాంక్ స్ప్రాకెట్ (క్యామ్‌ని తిప్పే చైన్ పళ్లచక్రం) కనిపించింది. కీ 8 డిగ్రీల రిటార్డ్ (క్యామ్‌ని ఆలస్యం చేసే) గాడిలో కూర్చుని ఉంది.

ఈ టైమింగ్ చైన్ సెట్లలో రెండేసి డిగ్రీల తేడాతో అటు 8, ఇటు 8 దాకా గాళ్లుంటాయి, ఒక్కో గాడికీ తన సొంత టైమింగ్ గుర్తు. నూనె అంటిన స్టీలు మీద ఆ చిన్న గుర్తులు తారుమారు కావడం చాలా తేలిక. చైన్ ఒక పన్ను తప్పితే ఇంజిన్ సరిగ్గా నడవనే నడవదు, ఎవరైనా పట్టేస్తారు. 4, 8 డిగ్రీల తేడాతో మాత్రం నడుస్తుంది, పైన లాగుతుంది కూడా. సరిగ్గా తప్పు మానిఫోల్డ్ వేసినప్పటి లక్షణాలే! అందుకే డబ్బంతా మానిఫోల్డ్‌కి పోతుంది.

ఇంకో మెలిక ఉంది. ఎక్స్‌ఈ268హెచ్ లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల, అంటే క్యామ్ మీది ఉబ్బుల, మధ్య కోణం) 110, ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (పిస్టన్ పైకి చేరాక ఎన్ని డిగ్రీలకు ఇన్‌టేక్ లోబ్ శిఖరం వస్తుందో) 106. అంటే 4 డిగ్రీల అడ్వాన్స్ (ముందుకు జరపడం) క్యామ్ గ్రైండింగ్‌లోనే ఉంది. "4 అడ్వాన్స్‌లో పెట్టు" అన్న సలహా విని స్ప్రాకెట్‌లోనూ 4 పెడితే అది 102కి వెళ్లిపోతుంది. క్యామ్‌తో వచ్చే కార్డ్ చదవకుండా గాడి ఎంచుకోవద్దు.

పరిష్కారం: క్రాంక్‌కి బిగించే డిగ్రీ వీల్‌తో కొలవండి, మానిఫోల్డ్ తీయనక్కర్లేదు. ప్లగ్‌లన్నీ తీసి, ఒకటో సిలిండర్ రాకర్లు రెండూ తీసేయండి. ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు వైపులా ఆగేదాకా తిప్పండి. ఆ రెండు అంకెలకీ సరిగ్గా మధ్యలో టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు). క్రాంక్ ముందు చివర ఉండే బ్యాలెన్సర్ మీద గీతను నమ్మొద్దు, పాత బ్యాలెన్సర్లలో రబ్బరు జారి గీత కదిలిపోతుంది. స్టాప్ తీసేసి, ఇన్‌టేక్ పుష్‌రాడ్ సూటికే డయల్ గేజ్ నిలపండి. ఇంజిన్ తిరిగే వైపే తిప్పుతూ 0.050 దగ్గర చదవండి. అంకె దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి చదవకండి, చైన్ వదులు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రండి.

ఈ క్యామ్‌కి ఇన్‌టేక్ టీడీసీకి 6 డిగ్రీల ముందు తెరుచుకుని, బీడీసీ (పిస్టన్ పూర్తిగా కింద ఉండే చోటు) తర్వాత 38 దగ్గర మూసుకోవాలి. పైన చెప్పిన ఇంజిన్‌లో టీడీసీ దాటిన 2 డిగ్రీలకు తెరుచుకుని 46 దగ్గర మూసుకుంది. గాడి మార్చి, మళ్లీ కొలిచాకే కవర్ మూయండి. అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ వాల్వ్ పిస్టన్‌కి దగ్గరవుతుంది, కాబట్టి కనీసం 0.080 అంగుళం సందు ఉందో లేదో చూసుకోండి.

మిగతావి అరుదు. మానిఫోల్డ్ గ్యాస్కెట్ లిఫ్టర్ల వైపు లీకైతే ప్లగ్‌లకు నూనె పట్టి పొగ వస్తుంది. క్యామ్ లోబ్ అరిగితే ఒకటి రెండు సిలిండర్లే మొరాయిస్తాయి. హాలీ కార్బ్ అయితే పవర్ వాల్వ్ (వాక్యూమ్ పడిపోయినప్పుడు అదనపు పెట్రోలు ఇచ్చేది) నంబర్ ఐడిల్ వాక్యూమ్‌లో సగం దగ్గర ఉండేది వేయండి, ఆటోమేటిక్ అయితే ఆ వాక్యూమ్‌ని గేర్‌లో పెట్టి చదవండి.